లామిన్ మాటకు నా తెలుగు

చిత్తూరులో మా ఇంజనీరింగ్ కాలేజీవాళ్లు మానవ హక్కుల దినం నాడు లామిన్‌ను వేదిక ఎక్కించారు. గాంబియా నుంచి వచ్చి సివిల్ చదువుతున్నవాడు, ఇరవయ్యారేళ్లు. అతని ఇంగ్లీషును తెలుగు చెయ్యడం నా పని. ముఖ్య అతిథి చౌడప్పకు ఐరాల దగ్గర ఇటుక బట్టీ ఉంది. మా కొత్త హాస్టలుకు ఇటుకలు ఊరికే ఇచ్చాడు కాబట్టి ఆ రోజుకు ఆయన మానవ హక్కులు తెలిసినవాడయ్యాడు.

లామిన్ గొంతు పెంచకుండా చెప్పాడు. పంతొమ్మిదో ఏట యూరప్ చేరదామని ఎడారి దాటితే, లిబియాలో లారీ డ్రైవరే అతన్ని అమ్మేశాడు. ఒక పెరట్లో వరసగా నిలబెట్టి, పళ్లు చూసి, భుజాలు నొక్కి కొనుక్కున్నారు. ఏడాదిపాటు గోడలు కట్టించారు. పొద్దుగూకగానే గదిలోకి తోసి బయట తాళం వేసేవారు. తోటివాడు ఇబ్రహీమా జ్వరంతో చచ్చిపోతే ఆ గోడ వెనకే పూడ్చమన్నారు. పూడ్చింది లామినే. "పారిపోయి బయటపడ్డాక కూడా, వాడి తల్లికి ఆ కబురు చెప్పడానికి నాకు రెండేళ్లు నోరు రాలేదు," అన్నాడు.

చౌడప్ప వక్కపొడి నములుతూ, "కూడు పెట్టినారా లేదా, అది అడుగమ్మా," అన్నాడు.

రోజుకు రెండుసార్లు రొట్టె పెట్టేవారన్నాడు లామిన్.

"సూసినారా. తిండీ పెట్టినారు, పనీ ఇచ్చినారు. మా ఒరిస్సావోళ్లను ఇంకా బాగా సూసుకుంటాండాము. బట్టీ ఇడిసి యాడికీ పోరు."

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది మా ప్రిన్సిపాల్ ఆదిమూలం.

చౌడప్ప ఏమన్నాడో లామిన్ అడిగితే పొల్లుపోకుండా చెప్పాను. అతని జవాబును మైకులోనే తెలుగు చేశాను: "ఇటుక తయారీ చూద్దామని పోయిన ఆదివారం మీ బట్టీకి వచ్చాను. లోపల మనుషులున్నారు, గేటుకు బయట తాళం ఉంది. వాళ్లు ఎక్కడికి పోతారు?"

"నువ్వు కల్పించి సెప్తాండావా?" అన్నాడు చౌడప్ప నాతో.

"నాకంత తెలివి లేదు సార్," అన్నాను.

ఆయన లేచి వెళ్లిపోయాడు. ప్రిన్సిపాల్ నన్ను గదిలోకి పిలిచాడు. "ఆ ఒక్క మాట మింగేసుంటే ఏమయ్యేది పవిత్రమ్మా? హాస్టలు సగంలో ఉండాది."

"ఉండనీండి సార్."

మర్నాడు నేనూ లామినూ కార్మిక శాఖ ఆఫీసులో ఫిర్యాదు రాసిచ్చాం. వారంలోపే తాళం తీయించారు. పదకొండు కుటుంబాలు బయటికొచ్చాయి. వాళ్లు బస్సెక్కే చోటికి చౌడప్ప దుప్పట్లతో వచ్చాడు, ఫోటోగ్రాఫర్‌ను కూడా వెంటబెట్టుకొని. ఒకామె మాత్రం ఇచ్చిన దుప్పటిని ఆయన కాళ్ల దగ్గరే పెట్టి, బిడ్డను చంకనెత్తుకొని బస్సెక్కింది. ఆ ఫోటో పేపర్లో రాలేదు.