నాలుగు వందల పేజీల హక్కు

నేను ఒక పిహెచ్‌డి గ్రంథాన్ని. ఎర్ర రెక్సిన్ అట్ట, బంగారు అక్షరాలు. నా పేరు చదవాలంటే ఊపిరి బిగబట్టాలి: ‘వీధి వ్యాపారులు, రాజ్యాంగంలో జీవనోపాధి హక్కు: ఒక విశ్లేషణాత్మక అధ్యయనం’.

నన్ను రాసింది గేదెల సత్యారావు గారు. అప్పట్లో బక్కపలచటి విద్యార్థి. లా కాలేజీ గేటు ముందు బండ్ల చుట్టూ తిరిగి, అమ్ముకునేవాళ్లను ప్రశ్నలడిగి, జవాబులు రాసుకున్నారు. ఇరవై ఒకటో అధికరణ ఇచ్చే జీవించే హక్కు అంటే ఊపిరి పీల్చడమొక్కటే కాదు, పొట్ట పోసుకోవడం కూడానని నాలో గట్టిగా వాదించారు. డాక్టరేట్ వచ్చింది. నన్ను లైబ్రరీ అల్మారాలో పెట్టి తాళం వేశారు. ఇరవై రెండేళ్లు! ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. హక్కుల మీద సెమినార్లు పక్క హాల్లోనే జరిగేవి. చప్పట్లు వినబడినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

మొన్న హైమ అనే విద్యార్థిని నన్ను బయటికి లాగింది. గేటు ముందు బండ్లన్నీ తీసేయాలని మునిసిపాలిటీ నోటీసు ఇచ్చిందట. అభ్యంతరాలు వినే సమావేశానికి నన్ను చంకన పెట్టుకుని వెళ్లింది. బల్లకు అవతల మునిసిపాలిటీ న్యాయ సలహాదారు. చూద్దును కదా, మా సత్యారావు గారే! జుట్టు పోయింది, బొజ్జ వచ్చింది. నన్ను గుర్తుపట్టి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“అది పరిశోధనమ్మా. ఇది ట్రాఫిక్,” అన్నారు.

హైమ ఊరుకోలేదు. నా చివరి పేజీలు తెరిచి చదివింది. “పదిహేడవ సమాధానదారు: బండి తొలగించినచో జీవనాధారము కోల్పోవుదును.”

వెనక బెంచీ మీద నుంచి ఇడ్లీ బండి నూకరత్నం లేచింది.

“ఆ పదిహేడు నానే బావూ. నీది పదిహేడో నంబరని తమరే సెప్పారు. గానీ నానలగ అనలేదు. బండి లాగేత్తే నా పిల్లల కంచం లాగేసినట్టేనన్నాను. తమరు ఇడ్లీ తింటా రాసుకున్నారు.”

హాలంతా నవ్వింది. ఆయన నవ్వలేదు.

“ఇప్పుడు మనవరాలి సదువు కూడా ఆ బండి మీదే. ఈపాలి నంబరొద్దు బావూ, పేరు రాయండి.”

ఆయన నోటీసు పక్కకు జరిపారు. తెల్లకాగితం మీద ‘నూకరత్నం’ అని రాసి, “చెప్పమ్మా,” అన్నారు.

నిర్ణయం సోమవారానికి వాయిదా పడింది. బండ్లు ఉంటాయో పోతాయో తెలియదు. హైమ గదిలో బల్ల మీద ఫ్యాన్ గాలికి నా పేజీలు కొట్టుకుంటున్నాయి. నన్ను నేను ఎంత తిరగేసుకున్నా, ఆ బండ్ల దగ్గర నిలబడ్డ ఒక్క మనిషి పేరూ కనిపించడం లేదు. సిగ్గుగా ఉంది.