తదితరుల్లో ఒకడు

ముప్ఫై తొమ్మిదో వరస కింద చెక్కస్కేలు ఆనించి, కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, చుక్కల బాబాయి కామాలు వెతుకుతున్నాడు.

ఆయన పనే అది. విశ్వవిద్యాలయంలో పెద్దలు పరిశోధనావ్యాసం రాసి పత్రికకు పంపేటప్పుడు, తాము చదివిన పుస్తకాలూ వ్యాసాలూ చివర్న జాబితాగా ఇవ్వాలి. ఆ జాబితా దగ్గర ఒక్కో పత్రికది ఒక్కో పట్టింపు. ఒకరు సంవత్సరం ముందు వెయ్యమంటారు, ఇంకొకరు చివర వెయ్యమంటారు. చుక్క ఉండాల్సిన చోట కామా ఉంటే కొంపలు మునిగినట్టు తిప్పి పంపేస్తారు. అంతంత మేధావులకు ఈ చాకిరీ ఎందుకు పడుతుంది! అందుకే శాఖలో మూలగదిలో, ఇనుప బీరువాకూ కిటికీకీ మధ్య ఇరికించిన బల్ల దగ్గర ముప్ఫై ఏళ్ళుగా ఈయన కూర్చున్నాడు. స్కేలు నొక్కి నొక్కి కుడి చూపుడువేలి కొస చదునైపోయింది.

ఆ స్కేలు ఉద్యోగంలో చేరిన రోజు కొన్నది. ఎవరూ ఎత్తుకుపోకుండా వెనకవైపు ఇంటిపేరుతో సహా పూర్తిపేరు సిరాతో రాసుకున్నాడు. "అది పోయిందంటే నీ అసలు పేరేంటో మాకెవరికీ తెలీదు బాబాయ్" అని ఆఫీసులో ఆటపట్టిస్తారు.

ఇవాళ ఆయన చెయ్యి కాస్త తొందరపడుతోంది. పంపేది ప్రొఫెసరుగారి కొత్త వ్యాసం. అందులో నలభయ్యో వరస, ఆరేళ్ళ కిందట సారే అచ్చువేసిన బావుల వ్యాసం. దానికోసం పదకొండేళ్ళు, వారం వారం, నలభై బావుల దగ్గరికి సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి, టేపు దింపి నీటిమట్టం రాసుకొచ్చింది ఈ బాబాయే. సారు మాటిచ్చారు, పేరు వేస్తానని. అచ్చయ్యాక ఓ చీటీ మీద స్వయంగా వివరం రాసిచ్చారు. మూడు పేర్లు, ఆ పక్కన 'తదితరులు'.

"ఆ తదితరుల్లో ఉన్నావు బాబాయ్. జాబితాల్లో మూడు పేర్ల తరవాత కత్తిరించడం పత్రికలవాళ్ళ పద్ధతి, నేనేం చెయ్యను?" అన్నారు.

ఆ చీటీ భార్య వంటింటి గోడకు అంటించింది. వచ్చినవాళ్ళందరికీ చూపించి, "తదితరులంటే మా ఆయనే" అనేది. ఇప్పటికీ "తదితరులుగారూ, భోజనానికి లేవండి" అనే పిలుస్తుంది.

పోయిన వారం సారు రెండు పత్రికల నియమాలూ తెచ్చి ముందు పడేశారు. "ఏది సులువో నువ్వే తేల్చు బాబాయ్." మొదటిది మూడు పేర్లతో సరిపెడుతుంది. రెండోది ఎంతమంది ఉంటే అంతమందినీ వేస్తుంది. చాకిరీ మూడింతలు. బాబాయి మరోమాట లేకుండా రెండోదానికే ఓటేశాడు. సారు "సరే" అన్నారు. ఎందుకో అడగలేదు, ఆయనకేం గుర్తుంది గనక!

పూర్తి పేర్లు కావాలంటే అసలు సంచిక చూడాలి. అందరి వ్యాసాలూ ఒకటికి రెండుసార్లు సరిచూసే మనిషి, ఈ ఒక్కటీ ఏనాడూ చూడలేదు. సారు చేత్తో రాసిచ్చింది మళ్ళీ చూడ్డమేమిటని. లైబ్రరీకి వెళ్ళి, బైండు పుస్తకం దుమ్ము దులిపి, పేజీ తిప్పాడు.

అయిదు పేర్లున్నాయి. నాలుగోది సారు అల్లుడిది, బావిలోకి తొంగిచూసిన పాపాన పోనివాడు. అయిదోది ఎవరిదో. బాబాయి వేలుపెట్టి మళ్ళీ లెక్కపెట్టాడు. అయిదే. నమ్మించి గొంతు కోయడమంటే ఇదే కదా అనుకున్నాడు.

పుస్తకం పట్టుకుని సారు గదికి వెళ్ళాడు. సారు పేజీ వంక చూసి, కిటికీ వంక చూశారు.

"అప్పట్లో ఏవో ఒత్తిళ్ళు బాబాయ్... అయినా తదితరుల్లో ఉన్నావనుకో, పోయేదేముంది?"

"తదితరుల్లో కూడా లేను సార్."

సారు చేతిగడియారం చూసుకున్నారు. "సాయంత్రానికి పంపేద్దాం కదూ?"

బాబాయి వచ్చి కూర్చున్నాడు. నలభయ్యో వరసలో అయిదు పేర్లూ అక్షరం పొల్లుపోకుండా టైపు కొట్టాడు. మధ్యలో కామాలు, చివర చుక్క. కాగితం మీద అచ్చు తీసి, స్కేలు ఆనించి, అన్ని వరసలూ సరిచూసి, పంపేశాడు. తప్పు పని చెయ్యడం ఆయనకు చేతకాదు.

భార్య ఫోను చేసింది. "ఏవండీ, వచ్చిందా పేరు? అక్కయ్యకి కూడా చెప్పేశాను!"

"పేరు రాలేదే. నేనే వచ్చేస్తున్నాను. ఆ గోడమీది చీటీ తీసెయ్."

బీరువా తాళంచెవి బల్ల సొరుగులో వేసి, గొడుగు తీసుకుని మెట్లు దిగాడు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. పిలవబోతే ఆయన్ని ఏ పేరుతో పిలవాలో ఎవరికీ తోచలేదు.

బల్లమీద అచ్చుకాగితం అలాగే ఉంది. దానిమీద, నలభయ్యో వరస కింద చెక్కస్కేలు, పేరున్న వైపు పైకి తిప్పి ఉంది.