ఆగమని రాసిన వాక్యం

రక్తపరీక్షల ప్రయోగశాలకు వెనకవైపు, కిటికీ లేని గదిలో, సంస్థ సర్వర్లు ఉండేవి. ఆ గదిలో ఆయన ఆమెకు పై అధికారి, ఇంట్లో భర్త. ఆమె చేరిన రోజునే ఆయన ఒక నియమం పెట్టాడు. గుమ్మం దాటి లోపలికి వచ్చాక భార్యాభర్తలన్న ఊసే ఎత్తకూడదు. ఆమె ఆయనను సార్ అనాలి. ఆయన ఆమెను మేడమ్ అంటాడు. ఆమెకు ఆ నియమం నచ్చింది. మొగుడి చలవతో వచ్చిన ఉద్యోగమని ఎవరూ అనకుండా ఉండటానికి అదొక్కటే దారి అనుకుంది. ఆ నెలాఖరుకు ఆమెను ఖాయం చేయాలో, సాగనంపాలో డైరెక్టర్ తేల్చవలసి ఉంది.

ఆ సర్వర్లలో సమాచారం దాచే నిల్వ నిండిపోతున్నదని ముందుగా కనిపెట్టినది ఆమే.

ఒకే సర్వర్ లోపల వేరువేరు కంప్యూటర్లలా నడిచే వర్చువల్ మెషీన్లు అక్కడ చాలా ఉన్నాయి. వాటిలో ప్రతిదానికీ పెద్ద డిస్కు ఉన్నట్టు చెప్పారు. నిజానికి ఇచ్చినది మాట మాత్రమే. మెషీన్ రాసినంత మేరకే కింది నిల్వలో చోటు ఖర్చవుతుంది. అన్నీ కలిసి ఒక్కసారిగా అడగవులే అన్న ధీమాతో, ఉన్నదానికంటే ఎక్కువ పంచిపెట్టారు. మెషీన్ లోపల పాత రిపోర్టులు చెరిపేసినా ఆ సంగతి కింది నిల్వకు తెలియదు. ఇచ్చిన చోటును అలాగే వదిలి ఉంచుతుంది. అక్కడ ఇక ఏమీ లేదని దానికి తెలియాలంటే, ఆ ఖాళీని ముందు సున్నాలతో నింపాలి. సున్నాలు చూశాకే అది తన చోటును వెనక్కి తీసుకుంటుంది. ఈ పద్ధతి ఆమెకు ఎన్నిసార్లు చేసినా వింతగానే ఉండేది. లేకపోవడాన్ని కూడా రాసి చూపించాలి. లేకుంటే అది లెక్కకు రాదు.

ప్రమాదమంతా ఆ నింపడంలోనే ఉంది. సున్నాలు పడుతున్నంతసేపూ డిస్కు ఉబ్బుతుంది, ఎప్పుడో మాట ఇచ్చిన పూర్తి కొలతకు చేరేదాకా. అందుకే కంప్యూటర్ వరసగా పాటించే ఆజ్ఞల పట్టీని, స్క్రిప్టును, ఆమె ఒక మెషీన్‌ను నింపి, ఆ చోటు వెనక్కి వచ్చేదాకా ఆగి, అప్పుడే రెండోదాని జోలికి వెళ్లేలా రాసింది.

"ఇలా నత్తనడక నడిస్తే వారం పడుతుంది మేడమ్," అన్నాడు ఆయన. "డైరెక్టర్ గారు సాయంత్రం వస్తారు. ఆయన వచ్చేసరికి తెరమీద ఈ ఎర్ర హెచ్చరిక ఉండకూడదు."

"అన్నీ కలిపి మొదలుపెడితే పొంగిపోతుంది సార్, పొయ్యి మీద పాలలాగా."

"పొంగితే ఊదడానికి మీరున్నారుగా."

మూలన కూర్చున్న వృద్ధుడు కిసుక్కున నవ్వాడు. రోజూ అన్నిటికీ నకళ్లు తీసి భద్రపరచడం ఆయన పని. అందరూ ఆయనను కాపీల తాత అంటారు. "ఇంకా నయం, ఊదుడు ఆఫీసులోనే అయిపోతోంది. ఇంటికెళ్లాక..." అని, నియమం గుర్తొచ్చి, మిగతా మాట టీతో పాటు మింగేశాడు.

మధ్యాహ్నం ప్రింటర్ మొరాయించిందంటే ఆమె ప్రయోగశాలలోకి వెళ్లింది. దాని మూత ఇంకా తెరిచి ఉండగానే గదిలోని తెరలన్నీ ఒక్కసారిగా బిగుసుకుపోయాయి. రక్తం తీస్తున్న అమ్మాయి సీసా మీద అంటించవలసిన చీటీ కోసం చేయి చాచి, అలాగే నిలబడిపోయింది.

ఆమె పరుగున వెనక్కి వచ్చింది. నిల్వలో ఇంచు చోటు లేదు. మెషీన్లన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. స్క్రిప్టులో ఆగమన్న వాక్యం లేదు. ఆయన కుర్చీలో వెనక్కి వాలి తెరను చూస్తున్నాడు.

"తీసేశారా?"

"తొందరగా అవుతుందనుకున్నా. ఇప్పుడదంతా ఎందుకు, ముందు దీని సంగతి చూడు."

ఆయన 'చూడు' అన్నాడని ఆమె అప్పుడు గమనించలేదు. ఇలాంటి రోజు వస్తే చెరిపి చోటు తెచ్చుకోవచ్చని, పనికిరాని ఒక పెద్ద ఫైలును ఆమె నిల్వలో ఊరికే పడేసి ఉంచింది. అటకెక్కించిన పాత డబ్బా అని ఆయన దాన్ని వెక్కిరించేవాడు. దాన్ని చెరిపి, సున్నాలు నింపడం ఆపి, మెషీన్లను ఒక్కొక్కటిగా లేపింది. మెషీన్లు లేచాయి గానీ, సకాలంలో చీటీలు పడక ఆ మధ్యాహ్నపు నమూనాలు చెడిపోయాయి. పిల్లలతో సహా అందరికీ మళ్లీ సూది గుచ్చవలసి వచ్చింది. పిల్లల ఏడుపు ఆ గదిదాకా వినిపించింది.

డైరెక్టర్ ముగ్గురినీ పిలిచాడు. "ఇది ఎవరి నిర్వాకం?"

ఆమె నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నాడు. "స్క్రిప్టు తనదే సార్. మా ఆవిడని చెప్పడం కాదు గానీ, బాగా కష్టపడుతుంది. కొత్త కదా, కంగారుపడింది. ఈ ఒక్కసారికి నా మొహం చూసి వదిలేయండి."

మా ఆవిడ. ఇన్నాళ్లలో ఆ గోడల మధ్య ఆమె ఆ మాట వినడం అదే మొదలు. చేసిన పనికి మెప్పు వచ్చిన ఏ రోజునా ఆయనకు అది గుర్తు రాలేదు.

"నేను ప్రతి మెషీన్ తరవాతా ఆగమని రాశాను సార్," అంది డైరెక్టర్‌తో. "అది తీసేసి నడిపింది ఈయన. తాతగారు అక్కడే ఉన్నారు."

తాత తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

డైరెక్టర్ ముఖంలో కోపం పోయి నవ్వులాంటిది వచ్చింది. "ఇంటి పంచాయితీ ఇక్కడ పెట్టకమ్మా. అతను నిన్ను వెనకేసుకొస్తుంటే నువ్వు అతని మీదకే తోస్తున్నావు. సరేలే, ఖాయం చేసే మాట ఇప్పుడొద్దు. అతని కిందే ఇంకొంత కాలం ఉండు. అతను సరేనన్నాక చూద్దాం."

ఆమె చెప్పినది అబద్ధమని డైరెక్టర్ అనలేదు. దాన్ని పెళ్లాం మాటగా మార్చాడు, అంతే. అబద్ధమని అనివుంటే రుజువు చూపించేది; పెళ్లాం మాటకు రుజువు ఎవరూ అడగరు.

నడవలో తాత ఆమె వెనకే వచ్చాడు. "ఏమనుకోకమ్మా. మొగుడూ పెళ్లాల మధ్య నేనెందుకు దూరడం?"

"ఇవాళ మీరు చూసింది సార్‌నూ మేడమ్‌నూ కదండీ?"

తాత లిఫ్టు మీట నొక్కాడు.

దారి పొడుగునా భర్త నచ్చజెబుతూనే ఉన్నాడు. తన ఉద్యోగం పోతే ఇల్లు గడవదనీ, ఆమెకైతే పోయేదేమీ లేదనీ, ఎవరి మీద పడ్డా ఇంట్లో ఇద్దరూ ఒక్కటేననీ. ఆమె దగ్గర తనకింకా చోటుందని ఆయన నమ్మకం. ఆ చోటు ఎప్పుడో ఖాళీ అయిపోయిందని ఆయనకు తెలియదు. ఆ ఖాళీని ఆమె ఎన్నడూ చూపించలేదు.

ఇంట్లో అత్తగారు కంచాలు పెట్టి ఎదురుచూస్తోంది. ఆయన కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. ఆమె గిన్నె తెచ్చి పక్కన నిలబడింది.

"వడ్డించమంటారా, సార్?"

అత్తగారు పకపకా నవ్వింది. "చోద్యం కాకపోతే, మొగుణ్ణి సార్ అంటావేమిటే!"

ఆయన నవ్వలేదు. "ఇంట్లో కూడా ఏమిటిది?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఎక్కడ ఆగాలో రాసే పెట్టాను," అంది ఆమె. "తీసేసింది మీరే."

అత్తగారు నవ్వు ఆపి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆమె గిన్నె మూత తీసింది.