లమ్ తాత కోసే ఆకు

శనివారం పొద్దున్నే లమ్ తాత గుమ్మం బయట బూట్లు విప్పి, చిన్న కత్తి పట్టుకుని సుభద్ర ఇంట్లోకి వచ్చేవాడు. హాల్లో కార్పెట్ చీల్చుకుని మొలిచిన పాక్ చోయ్ అనే చైనా ఆకుకూర కోసి, సగం ఆవిడకిచ్చి, మిగతాది సంచీలో వేసుకుని పక్కింటికి వెళ్లేవాడు. ఊరి శివారు ఫ్లాట్ బుష్‌లో ఆ వీధి మొత్తం ఒకప్పుడు అతని కూరగాయల తోట. కొడుకు బిల్డర్లకు అమ్మేశాడు. ఇళ్లు లేచాయి గానీ మొక్కలు రావడం మానలేదు. ఎదురింటి కోటేశ్వరమ్మ గొడవల్లా ఉల్లికాడలు సరిగ్గా తన పూజగదిలోనే మొలుస్తాయని.

"నేను కోసుకుంటాలెండి అంకుల్, మీకెందుకు శ్రమ?" అంది సుభద్ర ఒకసారి.

తాత కత్తి వెనక్కి తీసుకున్నాడు. "వద్దమ్మా. కోసినవాళ్లని ఈ నేల వదలదు. మా తాత బంగారం తవ్వుకుని చైనా తిరిగి పోదామనే ఈ దేశం వచ్చాడు. నాన్న ఓడ టికెట్ కూడా కొన్నాడు. నేనైతే పక్క ఊళ్లో చెల్లి పెళ్లికే పోలేకపోయాను."

సుభద్ర మనసంతా అప్పటికే హామిల్టన్ పక్కనున్న రోటోటూనాలో ఉంది. అక్కడ కూతురు నిహారికకి పాప పుట్టింది. అల్లుడు వదిలేసి పోయాడు. పిల్ల ఒక్కతే పసిదానితో నానా అవస్థ పడుతోంది. భర్త వంశీకృష్ణ ఎలాగో హామిల్టన్‌లో ఉద్యోగం చూసుకున్నాడు. ఈ ఇల్లు అద్దెకిచ్చి మారిపోవడమే తరువాయి.

సెప్టెంబరులో తాత రావడం మానేశాడు. పోయాడని కోటేశ్వరమ్మే చెప్పింది. హాలంతా ఆకు కమ్ముకుని పూతకొచ్చింది. లేత ఆకు కళ్లముందే ముదిరిపోతుంటే చూస్తూ ఊరుకోవడం మన ఆడవాళ్లకి చేతనయ్యే పనేనా? సుభద్ర చాకు తెచ్చి గుప్పెడు కోసి పప్పులో వేసేసింది. అన్నం కలుపుకుంటుంటే తాత మాట గుర్తొచ్చింది.

ఇల్లు మారే రోజు సామాను లారీ ముందు వెళ్లిపోయింది. సుభద్ర కారు దాకా నడిచి, ఎక్కబోతే కాలు లేవలేదు. వంశీకృష్ణ వంగి చూశాడు. అరికాళ్ల నుంచి తెల్లటి వేళ్లు గడ్డిలోకి దిగి ఉన్నాయి.

"నొప్పిగా ఉందా?"

"లేదండీ."

ఇంటి వైపు తిరిగితే మాత్రం కాళ్లు తేలిగ్గా కదిలాయి. వంశీకృష్ణ డిక్కీలోంచి ఆవిడ పెట్టె తీసి గుమ్మంలో పెట్టాడు. మొహం పక్కకి తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు.

అప్పుడే నిహారిక ఫోన్ చేసింది. "అమ్మా, స్టార్ట్ అయ్యారా? పాపకి నీళ్లు నువ్వొచ్చాకే పోద్దామని ఆగాను."

"నాన్న బయల్దేరుతున్నారమ్మా," అంది సుభద్ర.