మూడు వారాల తేడా

మొదటి స్కానులో నా బిడ్డ తొడ ఎముకలు పొట్టిగా కనిపించాయి. స్కాను డాక్టరు బిడ్డను మళ్లీ చూడలేదు, తల తిప్పి నన్ను చూశాడు. తేదీ తప్పు చెప్పినట్టున్నాననీ, ఈ కడుపు నేను చెప్పినదానికంటే మూడు వారాలు చిన్నదనీ తేల్చేశాడు.

నాకు తేదీ తప్పడమా? మా ఆయన దూరాలు తిరిగే లారీ డ్రైవరు. ఇంటికి చుట్టంలా వచ్చి చుట్టంలా పోతాడు. ఆ నెలలో ఒక్క వారం ఇంట్లో ఉండి బండెక్కినవాడు మళ్లీ రెండు నెలలకి గానీ గడప తొక్కలేదు. ఇంతకంటే గట్టి తేదీ ఏ ఆడదానికి ఉంటుంది? కానీ పక్క కుర్చీలో అత్తగారుంది. ఆవిడ ముందు ఆ వారం సంగతి విప్పి చెప్పడానికి నోరు రాలేదు. తేదీ మాత్రం సరైనదేనండి అని ఊరుకున్నాను.

తల కొలత నా తేదీకి సరిపోతోంది గానీ ఎముకలు వెనకబడ్డాయట. మిషను అన్ని కొలతలూ కలిపి వయసు చెబుతుందట, అది అబద్ధం చెప్పదట. నాకు ఒళ్లు మండింది. నేను పిల్లల బట్టలు కుట్టేదాన్ని.

"నిక్కరు పొట్టిదయిందని పిల్లాడి వయసు తగ్గిస్తామా డాక్టరుగారూ?" అన్నాను.

ఆయన నవ్వాడు. మా కోడలికి కత్తెర తప్ప లెక్కలు రావంటూ అత్తగారూ నవ్వింది. రిపోర్టులో కొత్త తేదీ పడింది. దాంతోపాటు రెండో స్కానూ మూడు వారాలు వాయిదా పడింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అత్తగారు వేళ్లు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. అయిపోయాక మళ్లీ మొదటినుంచి పెట్టింది. ఆవిడ నవ్వు ఎక్కడికి పోయిందో గానీ, నా వైపు తిరిగేసరికి మొహం మాడిపోయి ఉంది.

"మూడు వారాలు జరిపితే అప్పటికి వాడు ఇంట్లో లేడు కదే," అంది.

ఆ రోజునుంచి ఆ ఇంట్లో నేను కోడల్ని కాను. నిప్పు లేనిదే పొగ రాదని ఆవిడ వంటగదిలో గిన్నెలకి చెప్పేది, నాకు వినబడేలా. మా ఆయన ఫోనులో, మిషనుకి నీ మీద పగేముందని అడిగాడు. ఇంకోచోట స్కాను తీయించండి, బిడ్డ కాళ్లు పొట్టిగా ఉన్నాయన్నారు, ముందు అది చూడండి అని బతిమాలాను. మళ్లీ తేదీ మార్పించుకోవడానికా అన్నాడు. సిగ్గు విడిచి ఒక్కదాన్నే ఆస్పత్రికి వెళితే, రిపోర్టులో ఉన్న తేదీకే రమ్మని పంపేశారు. బిడ్డ కాళ్లు ఎవరికీ పట్టలేదు, అందరి కన్నూ నా నడవడి మీదే. నాకు బిడ్డ గురించి భయం, వాళ్లకి పరువు గురించి భయం.

రెండో స్కాను రోజు రానే వచ్చింది. మా ఆయన సెలవు పెట్టి మరీ వచ్చాడు, నిజం తేల్చుకోవడానికి. స్కాను డాక్టరు ఈసారి మిషనుని నా పొట్టమీద చాలాసేపు కదిపి, మమ్మల్ని పెద్ద డాక్టరు దగ్గరికి పంపాడు.

పెద్ద డాక్టరు నా చేతిమీద చెయ్యి వేసింది.

"నీ తేదీ సరైనదేనమ్మా. తల దానికి సరిగ్గా ఉంది. ఎముకలే పెరగడం లేదు. పక్కటెముకలు కూడా చిన్నవి, ఊపిరితిత్తులకి చోటు లేదు. పుట్టినా బతకదు."

మొదటిసారే ఎముకలను అనుమానించి వెంటనే మళ్లీ చూసి ఉంటే ఎప్పుడో తెలిసిపోయేదనీ, అప్పుడైతే ఇంత బాధ లేకుండా తీసేసేవాళ్లమనీ, ఇప్పుడు తీసేసినా, నెలలు నిండేదాకా ఆగినా నొప్పులు పడి కనాల్సిందేననీ చెప్పింది. నేను కడుపు పట్టుకుని కూర్చున్నాను. లోపల బిడ్డ కదులుతోంది.

మా ఆయన ముందుకు వంగాడు.

"తేదీ సరైనదేనంటారా?"

"సరైనదే," అందావిడ.

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. కళ్లు తుడుచుకుని, నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాడు. మొహమంతా నవ్వు. పెద్ద డాక్టరు ఆ నవ్వు చూడలేక కాగితాల్లోకి తలదించుకుంది. నాకైతే ఆ చేతిని కొరికేయాలనిపించింది.

వరండాలోకి రాగానే వాళ్లమ్మకి ఫోను చేశాడు.

"అమ్మా, మన బిడ్డే," అన్నాడు.

ఆవిడ మాట్లాడుతుందంటూ ఫోను నాకిచ్చాడు. అత్తగారు ఏడుస్తోంది. పాడు నోరు, ఏవేవో అన్నాను, మనసులో పెట్టుకోకు తల్లీ అంది. ఇకనుంచి బరువులెత్తొద్దనీ, వేళకి తినమనీ, బిడ్డ నిండుగా ఎదగాలనీ అంది.

"మిగతాది కూడా మీరే చెప్పండి," అని ఫోను ఆయన చేతిలో పెట్టాను. అప్పుడు గానీ ఆయన మొహంలో నవ్వు పోలేదు.