వాకిట్లో విడిచిన కాలు

నా కుడికాలు మోకాలి కింద లేదు. శెనక్కాయల మిషన్లో పడి పోయి పద్దెనిమిదేళ్లయింది. ఇప్పుడొచ్చిన నోటీసులో మాత్రం నా వైకల్యం తగ్గిందనీ, పింఛను ఆపేస్తున్నామనీ రాశారు. ఏం, కాలు మొలిచిందా? అప్పీలుకు ఈరోజే ఆఖరు. ఇది దాటితే పింఛను మీద ఆశ వదులుకోవాల్సిందే. పుంగనూరులో పొద్దున్నే బస్సెక్కి, నేనూ నా భార్య బుజ్జమ్మా మదనపల్లె ఆఫీసుకు చేరాం.

అప్పీళ్లు చూసే సారు గది ముందు చెప్పులు వరసగా ఉన్నాయి. పెద్దోళ్ల గదిలోకి చెప్పులతో పోయే అలవాటు మాకు లేదు. ఎడమ చెప్పు విడిచాను. కుడి చెప్పు జారిపోకుండా నా పెట్టుడు కాలికి, అదే జైపూర్ కాలికి, మేకులు కొట్టించి ఉన్నాను. ఏం చేసేది? కాలే విప్పి అక్కడ పెట్టి, బుజ్జమ్మ భుజం పట్టుకుని గెంతుకుంటూ లోపలికి పోయాను.

పురుషోత్తం సారు ఫైల్లోంచి తలెత్తలేదు. "తగ్గిందని డాక్టర్లు రాసిండారు గదా గంగులప్పా."

"ఒక్కసారి ఇట్ల సూడండి సార్."

"మనిషిని సూసేది డాక్టర్ల పని. నేను కాగితాలే సూడల్ల. కొత్త కాగితం ఏమన్నా ఉండాదా?"

"లేదు సార్."

"అయితే పోయిరాప్పా."

నాకు ఒళ్లు మండిపోయింది. ఒంటికాలి మీద ఎదురుగా నిలబడినా కనబడలేదే ఈయనకు!

బయటికొస్తే చెప్పుంది, కాలు లేదు.

"ఎవరో మర్సిపోయినారని బీరువాలో పెట్టి తాళమేసినా," అన్నాడు అటెండరు నల్లప్ప. "నీదేనని సారు రాసిస్తేనే ఇచ్చేది."

మళ్లీ సారు దగ్గరికే పోయాం. ఆయన విసుక్కుంటూ కాలు తెప్పించాడు.

"నీదేనని గ్యారంటీ ఏముండాది? తొడిగి సూపించు."

తొడిగాను. సారు కుర్చీలోంచి లేచి, కళ్లద్దాలు సర్దుకుని, నా మోకాలి దగ్గర వంగి చూశాడు. సరిగ్గా సరిపోయింది. 'ఇతనికి కుడికాలు మోకాలి కింద లేదు. స్వయంగా పరిశీలించాను. కావున ఈ కాలు ఇతనిదే' అని రాసి, సంతకం పెట్టి సీలు గుద్దాడు.

నల్లప్ప చెయ్యి చాచేలోపు బుజ్జమ్మ ఆ కాగితం తీసి నా అప్పీలు ఫైలు మీద పెట్టింది.

"కొత్త కాగితం సార్. సూడండి."

సారు తన రాతనే రెండుసార్లు చదివాడు. ఆమెను చూశాడు, నన్ను చూశాడు. చివరికి పింఛను ఆపవద్దని ఫైలు మీద రాశాడు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

"రెండేండ్లకు మళ్లా రావల్లప్పా," అన్నాడు సారు. "కాలు ఏమన్నా బాగుపడిందేమో సూడల్ల."

"వస్తాం సార్," అంది బుజ్జమ్మ. "సెప్పులు బయటే ఇడుస్తాం."