లోడు పెట్టి చూస్తే

కోమల తాళం తిప్పింది. కారు "టక్" అంది, అంతే. మళ్లీ తిప్పింది. మళ్లీ టక్. మూడోసారి ప్రయత్నించకుండానే స్టీరింగు మీద తల ఆనించేసింది.

నలభై దాటాక, లోకో పైలట్ మొగుడు మనోజ్ ఎంత ఆటపట్టించినా వినకుండా, పట్టుబట్టి డ్రైవింగు నేర్చుకున్న మనిషి. ఉద్యోగం మస్తూరీ స్కూల్లో. ఇల్లున్న రాజ్‌కిశోర్ నగర్ నుంచి అంత దూరం పదిహేనేళ్లపాటు ఆటోలూ బస్సులూ మారి వెళ్లింది. నెల క్రితం పాతదే అయినా సొంత కారు కొనుక్కుంది. ఆ నెల రోజుల్లో ఆమె నడకే మారిపోయింది. నిన్న సాయంత్రం మాత్రం కారు లోపలి దీపం ఆర్పడం మరిచి గంటసేపు వదిలేసింది. తెల్లారేసరికి ఇదీ వరస.

"బ్యాటరీ చంపేశాను నాన్నా. ఇది నా వల్ల కాదు, ఇక చాలు. వెనక వీధి రాంప్రసాద్ గారు కారు అడుగుతున్నారు కదా, ఇచ్చేస్తానని ఫోన్ చేసేశాను. తొమ్మిదింటికి వస్తారు," అంది.

నాగభూషణానికి మనసు చివుక్కుమంది. ముప్పై నాలుగేళ్లు రైలు పెట్టెల కింద దూరి బ్యాటరీలు పరీక్షించి రిటైరైన మనిషి ఇంట్లో ఉండగా, ఆయన కూతురు బ్యాటరీకి భయపడి కారు అమ్ముకోవడమా!

"గంటసేపు ఆ సిన్న దీపం ఎలిగితే బ్యాటరీ సచ్చిపోద్దేటి? ఆగు, నాను సూస్తాను."

లోపలికెళ్లి లుంగీ మార్చి పాత ఖాకీ ప్యాంటు తొడిగి, మీటరూ స్పానర్లూ పట్టుకొచ్చాడు. ఇంటి పనికి యూనిఫారం ఎందుకని అడిగే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. బానెట్ ఎత్తి, లోపల నీళ్లు చూద్దామని బ్యాటరీ అంతా తడిమాడు.

"మూతలే లేవేటి దీనికి?"

"నీళ్లు పొయ్యక్కర్లేని బ్యాటరీ నాన్నా అది."

"అచ్ఛా," అన్నాడాయన కాస్త చిన్నబుచ్చుకుని. ఎర్ర వైరు ప్లస్ మీద, నల్ల వైరు మైనస్ మీద పెట్టాడు. మీటరు పన్నెండున్నర వోల్టులు చూపించింది.

"అయితే బాగానే ఉందా?"

"ఒట్టినే సూసి పాసు సేస్తే మా ఫోర్మేను తోలు తీసీవోడు. లోడు పెట్టి, అంటే దాంతో పని సేయించి సూడాల. తాళం తిప్పు."

టక్. పాడైన బ్యాటరీ అయితే ఆ క్షణంలో అంకె ఎనిమిదికో తొమ్మిదికో జారిపోవాలి. ఇది పన్నెండు దాటే నిలబడింది. ముసలాయన ముఖం వెలిగిపోయింది.

"బ్యాటరీ గుర్రంలాగున్నాదే! కరెంటు దార్లో ఎక్కడో ఆగిపోతన్నాది."

మీటరు కొస ఒకటి మైనస్ టర్మినల్ సీసం మీద, రెండోది దాన్ని పట్టుకున్న క్లాంపు మీద ఆనించి మళ్లీ తిప్పమన్నాడు. ఆ రెండింటి మధ్య మీటరు సున్నా దగ్గరే ఉండాలి. ఏకంగా తొమ్మిది వోల్టులు చూపించింది. క్లాంపును వేలితో కదిపితే ఊగింది.

"ఎవుడో సన్నాసి దీన్ని వదులుగా బిగించినాడు! వోడికి జీతం ఎవులిచ్చినారో గాని!" అని వీధికంతటికీ వినబడేలా తిడుతూ స్పానరు పెట్టి క్లాంపు ఊడదీశాడు.

సీసం చుట్టూ ఎర్రగా, జిడ్డుగా నూనె కలిపిన సిందూరం.

నాగభూషణం దాన్ని గుర్తుపట్టాడు. మొన్న బళ్లకీ పనిముట్లకీ చేసే విశ్వకర్మ పూజనాడు ఈ కారుకి పూజ చేసింది ఆయనే. రైల్వే షెడ్డులో అయితే బ్యాటరీ పెట్టె మీదే బొట్టు పెట్టేవాళ్లు. కూతురి కారు కదా అని ముచ్చటపడి, క్లాంపు విప్పి మరీ టర్మినల్‌కి పెట్టాడు. గట్టిగా బిగిస్తే బొట్టు చెరిగిపోతుందని వదులుగా వదిలేసిందీ ఆయనే.

బానెట్ అడ్డంగా ఉంది. కోమలకి ఏమీ కనబడదు. గుడ్డతో తుడిచేసి, "దుమ్ము పట్టినాది" అనేస్తే ముప్పై నాలుగేళ్ల పేరు పదిలంగా ఉంటుంది. గుడ్డ చేతిలోకి తీసుకున్నాడు కూడా.

"దొరికిందా నాన్నా?" లోపలి నుంచి నీరసంగా అడిగింది కోమల. "ఏదైనా నేనే చేసి ఉంటానులే."

గుడ్డ అక్కడే ఆగిపోయింది. ఆ మాట విన్నాక పేరు ఏం చేసుకోవాలో ఆయనకి అర్థం కాలేదు.

"ఇలగ రా అమ్మా. సూడు. నీ దీపం కాదు, నువ్వూ కాదు. నా బొట్టు. ఆ సన్నాసిని నానే."

కోమల వచ్చి చూసింది. సిందూరం వైపూ, తండ్రి ఖాకీ ప్యాంటు వైపూ మార్చి మార్చి చూసి, పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి, ఎప్పుడో ఏడుపులోకి దిగిపోయింది.

"అయితే నేను చంపలేదా?"

"నేదు తల్లీ, నేదు."

తుడిచి, గీకి, ఈసారి పళ్లబిగువున బిగించాడు. కోమల తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. అప్పుడే గేటు దగ్గరికొచ్చిన రాంప్రసాద్‌తో అద్దం దించి, "సారీ భాయ్ సాబ్, గాడీ నహీ బేచ్‌నీ," అని, కారు అమ్మనంటూ దండం పెట్టింది. ఆయన పాపం నవ్వి వెళ్లిపోయాడు.

నాగభూషణం అలవాటుగా పక్క సీట్లో ఎక్కి కూర్చున్నాడు. నెల రోజులుగా కూతురితో మస్తూరీ దాకా వెళ్లి, బస్సులో ఒక్కడే తిరిగొస్తున్నాడు మరి.

"దిగు నాన్నా. ఇవాళ ఒక్కదాన్నే వెళ్తాను."

"దార్లో ఆగిపోతే?"

"బానెట్ తీసి చూస్తాను. ఆ స్పానరు ఇలా ఇయ్యి."

సర్వీసంతా తోటివాళ్లకి కూడా అరువివ్వని స్పానరు అది. నాగభూషణం దిగి, దాన్ని గుడ్డతో శుభ్రంగా తుడిచి కూతురి చేతిలో పెట్టాడు.